డబ్లిన్ కోటకు చేరిన అర్జీలు

1801వ సంవత్సరము జనవరి 1వ తేదీతో ఐర్లండు దేశమునకు సొంత పార్లమెంటు లేకుండ పోయెను. అంతకు ముందు డబ్లిన్ నగరమున కాలేజీ గ్రీన్ అను చోట గంభీరమైన స్తంభములతో నొప్పు మందిరమున ఆ సభ కొలువుదీరుచుండెడిది. సభ నిర్దుష్టమైనదని చెప్పుటకు వీలు లేదు. దేశ జనులలో అధిక సంఖ్యాకులగు కాథలిక్కులకు అందు కూర్చుండు అర్హతయే లేదు. అయినను ఆ సభ కండ్ల యెదుట నుండెను. దాని వాకిట గుమిగూడి కేకలు వేయుటకైన జనులకు చోటుండెను. ఇంగ్లండుతో ఐక్యమును కల్పించిన చట్టము వచ్చిన పిమ్మట నూరుగురు ప్రతినిధులు సముద్రము దాటి లండనులోని వెస్ట్‌మినిస్టరుకు పోసాగిరి. ఖాళీయైన మందిరమును 1803లో బ్యాంక్ ఆఫ్ ఐర్లండువారు 40,000 పౌనులకు కొనిరి. మరల అచ్చట సభ జరుగుటకు వీలు లేకుండ లోపలి కట్టడమును మార్చవలెనని దొరతనమువారు షరతు పెట్టిరట. శాసనసభ పోయినచో దాని గదికూడ మిగులరాదనునంత జాగ్రత్త వారిది.

సభ పోయెను గాని కోట మిగిలెను. డబ్లిన్ కోట పేరునకు కోటయే గాని వాస్తవమునకు కచేరీల సముదాయము. రాజప్రతినిధియగు లార్డు లెఫ్టినెంటు, ఆయన క్రింద ఛీఫ్ సెక్రటరీ, ఆయన క్రింద అండర్ సెక్రటరీ, వారి గుమాస్తాలు — దేశమును నడపువారందరు అచ్చటనే యుండిరి. కడుపు కాలినవాడును, కొడుకు చెరసాల పాలైన తల్లియు, ఉద్యోగము కోరు యువకుడును, పొరుగువానిపై చాడీ చెప్పదలచినవాడును, అందరును తమ మొర వినిపించుకొనవలసిన ద్వారము ఆ కోట ద్వారము ఒక్కటే అయ్యెను. పోవుటకు శక్తి లేనివారు కాగితమును పంపిరి. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశాబ్దములలో అట్లు చేరిన అర్జీలు, జాబులు, నివేదికలు నేటికిని పెద్ద సంఖ్యలో నిలిచియున్నవి.

ఈ కోటలో కూర్చుండి ఆ కాగితములను చదివినవారి పేర్లు భారతదేశ చరిత్ర చదివినవారికి క్రొత్తవి కావు. ఐక్య చట్టమును నెగ్గించిన నాటి లార్డు లెఫ్టినెంటు కారన్‌వాలీసు. 1793లో బెంగాలున శాశ్వత శిస్తు పద్ధతిని నెలకొల్పినవాడు ఈయనయే. 1821 మొదలు 1828 వరకు ఆ పదవి నలంకరించినవాడు వెల్లెస్లీ. ఐర్లండున పుట్టి, 1798 నుండి 1805 వరకు ఇండియాకు గవర్నరు జనరలుగా నుండెను. ఆయన హయాములోనే 1800లో నిజాముతో జరిగిన సంధివలన రాయలసీమ జిల్లాలు కుంఫిణీ వశమైనవి. దత్తమండలములను పుచ్చుకొన్న ప్రభువే రెండు దశాబ్దముల పిమ్మట ఐరిష్ కాపుల విన్నపములపై ఉత్తరువులు వేసెను. 1818 నుండి 1821 వరకు ఛీఫ్ సెక్రటరీగా నున్న చార్లెస్ గ్రాంటు బెంగాలున జన్మించినవాడు. ఈయనయే తరువాత ఇండియా వ్యవహారములు చూచు బోర్డుకు అధ్యక్షుడై 1833 నాటి చార్టరు చట్టమును పార్లమెంటున నడిపించెను. గ్రాంటు సహృదయుడు, కాథలిక్కుల యెడ సానుభూతి గలవాడు. కాని కాగితములు ఆయన బల్లపై పేరుకొనిపోవుచుండెడివని ప్రతీతి. దయగల అధికారియొద్ద దస్త్రము నిలిచిపోవుట, కఠినుడైన అధికారియొద్ద అది చురుకుగా కదలుట అన్ని దేశములలోను చూచుచున్నదే.

ఆ కఠినుడు, చురుకైనవాడు విలియం గ్రెగరీ. 1812 నుండి 1830 వరకు పదునెనిమిది సంవత్సరములు అండర్ సెక్రటరీ పదవిలో నుండెను. ఛీఫ్ సెక్రటరీ పార్లమెంటు సభ్యుడు కావున సభ జరుగు నెలలన్నియు లండనులోనే గడపవలెను. అప్పుడు కోట బరువంతయు గ్రెగరీ మీదనే. రాబర్టు పీల్, గ్రాంటు, హెన్రీ గోల్‌బర్న్ మొదలగువారు వచ్చిరి, పోయిరి. గ్రెగరీ మాత్రము కదలలేదు. కాథలిక్కులకు హక్కులిచ్చుట ఆయనకు గిట్టదు. ఆయన తండ్రి రాబర్టు గ్రెగరీ కుంఫిణీ కొలువున బెంగాలులో ధనమార్జించి, 1768లో గాల్వే మండలమున కూల్ అను ఎస్టేటు కొని, తరువాత కుంఫిణీ డైరెక్టర్ల సభకు అధ్యక్షుడు కూడ నయ్యెను. భారతదేశపు సొమ్ముతో ఐర్లండున జమీందారీ వెలసెనన్నమాట. విధివైచిత్ర్యమేమన, ఆ వంశపు కోడలైన లేడీ గ్రెగరీయే కాలాంతరమున ఐరిష్ నాటకశాలను నిలిపినవారిలో ఒకరయ్యెను.

1818లో కోటలోని కాగితముల పద్ధతి మారెను. అంతవరకు వచ్చిన ఉత్తరములు విషయమునుబట్టియో, అధికారినిబట్టియో కట్టలు కట్టబడుచుండెడివి. ఇక మీదట ఛీఫ్ సెక్రటరీ కచేరీకి చేరిన ప్రతి కాగితమునకును ఒక సంఖ్య వేసి, రిజిస్టరులో ఎక్కించి, పంపినవారి పేరు, వచ్చిన తేదీ, సంగ్రహముగా విషయము వ్రాసికొను ఏర్పాటు జరిగెను. కాగితమును నిలువుగా మడచి, వెనుకవైపున గుమాస్తా సారాంశము వ్రాయును. ఆ మడతమీదనే అధికారి తన అభిప్రాయమును రెండు మూడు మాటలలో గీకును: ఎవరికి పంపవలెనో, ఏమి బదులు చెప్పవలెనో, లేక బదులే చెప్పనక్కర లేదో. ఏండ్ల తరబడి బాధపడి వ్రాసిన నాలుగు పుటల అర్జీకి ఒక్క పంక్తి సమాధానము. ఆ పంక్తికూడ అర్జీదారునకు ఉద్దేశించినది కాదు, గుమాస్తాకు ఉద్దేశించినది.

అయినను ఆ సంఖ్యలో ఒక విశేషమున్నది. మండలాధిపతి వ్రాసిన జాబునకును, పేరు వ్రాయనేరని కూలివాడు పంపిన అర్జీకిని అదే వరుసలో సంఖ్య పడెను. కోటలో వారిద్దరి మాటకు సమానమైన విలువ లేదు. రిజిస్టరులో మాత్రము ఒకటి తరువాత ఒకటిగా నిలిచిరి.

అర్జీల రూపము చూచినచో అన్నియు ఒక్క అచ్చున పోసినట్లుండును. మొదట లార్డు లెఫ్టినెంటు బిరుదములన్నియు వరుసగా వచ్చును. పిమ్మట ఫలాని గ్రామవాసి ఫలానివాని వినయపూర్వక విన్నపము అని, అటుపై తన సంగతి ప్రథమ పురుషలో — ‘అర్జీదారుడు’ ఇట్లు చేసెను, ‘అర్జీదారునకు’ ఇంతమంది బిడ్డలు అని. తుదకు ప్రభువువారి క్షేమమునకై ఎల్లప్పుడు దేవుని ప్రార్థించుచుందునను మాట. ‘మహారాజరాజశ్రీ’తో మొదలై ‘చిత్తగించవలెను’తో ముగియు తెలుగు అర్జీ నెరిగినవారికి ఆ ఫక్కి అపరిచితమనిపించదు. మనిషి ఎంత దుఃఖములోనున్నను సర్కారుతో మాటలాడునప్పుడు సర్కారు భాషలోనే మాటలాడవలెను గదా!

ఆ భాష ఎవరిది? దేశపు పడమటి, దక్షిణ మండలములలో సామాన్యులు ఇంటను బయటను మాటలాడుకొనునది ఐరిష్ భాష. కోటకు తెలిసినది ఇంగ్లీషు. కావున అర్జీదారునకు ముందుగా కావలసినది దయగల ప్రభువు కాదు, ఇంగ్లీషు వ్రాయగల లేఖకుడు. ఆ పని ఎక్కువగా పల్లె బడిపంతులు చేసెను. పూర్వము కాథలిక్కులు బడులు పెట్టరాదని చట్టముండిన దినములలో కంచెల చాటున పిల్లలకు చదువు చెప్పిన పంతుళ్ళ పరంపర అది. చట్టము సడలిన తరువాతను ఆ బడులకు ‘కంచె బడులు’ అను పేరు నిలిచెను. 1824లో నియమింపబడిన విచారణ సంఘము లెక్కించునప్పటికి రుసుము పుచ్చుకొని నడచు ఇట్టి బడులు తొమ్మిదివేలకు పైబడి యుండెను. బడిపంతులు ఊరికి అర్జీల వ్రాతగాడు, జాబుల చదువరి, కవులు లెక్కలు చూచువాడు. పొడుగుమాటలన్న ఆయనకు ప్రీతి మెండు. అర్జీలలో కొన్నింట గంభీర పదములు తప్పు వర్ణక్రమముతో ఊరేగుటకు కారణమిదే. కూలివాడు ఐరిష్‌లో చెప్పిన గోడు పంతులు ఇంగ్లీషు మాటల బరువు క్రింద సగము నలిగిపోయినది. మిగిలిన సగమే చరిత్రకు దక్కినది. అడుగున అర్జీదారుని పేరు పంతులే వ్రాయగా, నడుమ రెండు గీతలు అడ్డముగా గీసి అర్జీదారుడు నిశానీ పెట్టెను. ఆ నిశానీ ఒక్కటియే అతని సొంత దస్తూరి.

వారు కోరినవి ఏవి? కొందరు వితంతువులు పింఛనులు కోరిరి. సైన్యమునుండి విడుదలైనవారు పోలీసు కొలువు కోరిరి. సముద్రతీరపు పల్లెవారు రేవుకట్టకు సొమ్ము కోరిరి. ఉద్యోగార్థుల సంఖ్యకు మితి లేదు. వారికొరకు సిఫారసు చేసిన ప్రభువుల జాబులకు అంతకన్న మితి లేదు. వీనియన్నిటిపై ఇచ్చట ఆగనక్కర లేదు. 1822 కాగితములు వేరు.

1821 శరత్కాలమున ఎడతెగని వర్షములవలన బంగాళాదుంప పంట పడమటి మండలములలో కుళ్ళిపోయెను. దుంపయే అన్నముగా బ్రతుకు కుటుంబములకు మరుసటి వసంతమునకు తినుట కేమియు మిగులలేదు. విత్తనపు దుంపలనుకూడ తినివేసిరి. క్లేర్, గాల్వే, మేయో, కెర్రీ, కార్క్ మండలములనుండి పురోహితులు, పాద్రీలు, భూస్వాములు కోటకు జాబులపై జాబులు వ్రాసిరి. చిత్రమేమన, ఆ సంవత్సరము ధాన్యమునకు లోటు లేదు. ధాన్యము దేశములోనే యుండెను. కొనుటకు పేదలయొద్ద సొమ్ము లేదు. ఈ సంగతి ఆ జాబులలోనే స్పష్టముగా నున్నది. కోట కొంత చలించెను. ఇంజనీర్లగు అలెగ్జాండరు నిమ్మో, రిచర్డు గ్రిఫిత్, జాన్ కిలలీ అనువారిని మండలములకు పంపి, రోడ్లు వేయించి, కూలి యిప్పించెను. లండనులో దాతలు కూడి సుమారు మూడు లక్షల పౌనులు చందాగా పోగుచేసిరి. కరువువెంట జ్వరములు వచ్చెను. అయినను, పాతిక సంవత్సరముల తరువాత వచ్చిన మహాక్షామముతో పోల్చినచో నాటి అర్జీలకు కొంత ఫలము దక్కెననియే చెప్పవలెను. 1845 తరువాతి దొరతనమువారు ఆ పాత కట్టలు విప్పి చూచియుండిన బాగుండెడిది.

అదే సంవత్సరమున అవే కట్టలలో మరియొక రకపు కాగితములు చేరినవి. 1821లో లిమెరిక్ మండలమున ఒక ఎస్టేటు ఏజంటు కాఠిన్యమునుండి పుట్టిన అలజడి మన్‌స్టరు ప్రాంతమంతట వ్యాపించెను. రాత్రులందు గుంపులు తిరిగెను. కౌలు పెంచినవారికి, పదియవ వంతు మతపన్ను వసూలుదారులకు హెచ్చరిక కాగితములు తలుపులకు అంటింపబడెను. వానిపై ‘కెప్టెన్ రాక్’ అను మారుపేరు చేవ్రాలు. ఆ కాగితముల భాష విచిత్రమైనది. సర్కారు ప్రకటనల ధోరణినే అనుకరించి, ‘ఇందుమూలముగా ఉత్తరువు చేయడమైనది’ అన్నట్లు దర్పముగా వ్రాయబడినవి. వానినికూడ వ్రాసినవాడు ఆ బడిపంతులే యని మేజిస్ట్రేట్ల అనుమానము. అది కొన్నిచోట్ల నిజము కూడ. గోడనుండి ఊడదీసిన ఆ కాగితములను మేజిస్ట్రేట్లు తమ నివేదికలతో జతపరచి కోటకు పంపిరి. పగలు ‘మహాప్రభో’ యని వ్రాసిన కలమే రాత్రి ‘జాగ్రత్త’ యని వ్రాసి యుండవచ్చును. రెండును ఒకే కచేరీకి చేరినవి.

కోట సమాధానము 1822 నాటి తిరుగుబాటు అణచివేత చట్టము. అలజడి ప్రాంతముగా ప్రకటింపబడిన చోట సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వరకు ఎవరును ఇల్లు విడువరాదు. విడిచి పట్టుబడినవాడు తగిన కారణము చూపనిచో జూరీ లేకుండనే విచారింపబడి ఏడు సంవత్సరముల ద్వీపాంతర శిక్షకు పాత్రుడగును. ద్వీపాంతరమనగా న్యూ సౌత్ వేల్సు. నెలల తరబడి ఓడ ప్రయాణము. శిక్ష ఏడేండ్లదైనను తిరిగి వచ్చుటకు ఓడ ఖర్చు ఎవరిచ్చెదరు? పేదకు ఏడేండ్లనిన యావజ్జీవమే.

అప్పటినుండి తల్లుల, భార్యల అర్జీలు వెల్లువయ్యెను. కొడుకు పసివాడనిరి, ఇంతకు ముందు ఏ తప్పు నెరుగడనిరి, సాక్షి పగతో అబద్ధమాడెననిరి, ముసలి తలిదండ్రులకు వేరు దిక్కు లేదనిరి. ఊరి పురోహితునిచేతను, వీలైనచో భూస్వామిచేతను యోగ్యతాపత్రములు వ్రాయించి జతపరచిరి. ఖైదీ అర్జీ కోటకు చేరగనే విచారించిన న్యాయమూర్తికి అభిప్రాయము కొరకు పంపుట ఆచారము. న్యాయమూర్తి తన నోటు పుస్తకమునుండి సాక్ష్యసారమును వ్రాసి తిరిగి పంపును. ఆయన మెత్తబడినచో శిక్ష తగ్గవచ్చును. ఉరి ద్వీపాంతరము కావచ్చును, ద్వీపాంతరము చెరసాల కావచ్చును. అట్లు తగ్గిన సందర్భములు తక్కువేమియు కావు. న్యాయమూర్తి మెత్తబడనిచో మడతమీద ఒక్క వాక్యము పడును: ‘చట్టము తన దారిని తాను పోవలసినదే.’ ఎన్ని వందల అర్జీలపై ఈ వాక్యమున్నదో! ఇందు కోపము లేదు, కరుణ లేదు. వ్రాసిన చేయికి అది అలవాటైన మాట. చదివిన యింటివారికి అది కడపటి మాట.

ఖైదీ అర్జీ న్యాయమూర్తికి పోవుట కొంత నయము. స్థానికాధికారిపై ఫిర్యాదు చేసినవాని గతి ఇంకను విచారకరము. మేజిస్ట్రేటు పక్షపాతియని కోటకు వ్రాసినచో, నిజానిజములు తెలియుటకు కోటకు దారి యేది? మండలమున కోటకు తెలిసినవారు మేజిస్ట్రేట్లే. కాగితము పోయి పోయి ఎవరిమీద మొరపెట్టిరో వారి చేతికో, వారి విందులకు వచ్చు పొరుగు పెద్దమనిషి చేతికో చేరును. ఆయన సమాధానము మర్యాదగల ఇంగ్లీషులో, చక్కని దస్తూరితో వచ్చును. రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచు అధికారికి ఏది నమ్మదగినదిగా తోచునో ఊహింపవచ్చును. ఇందు లంచము లేదు, కుట్ర లేదు. అధికారి తన తరగతివాని మాటను నమ్మెను, అంతే. కాని, ఆ కాలపు ఐరిష్ పరిపాలనకు జనులు దూరమగుటకు ఈ ‘అంతే’ యే మూలము. కోటనుండి నేరుగా జీతము పొందు మేజిస్ట్రేట్లను, క్రమబద్ధమైన పోలీసు దళమును ఏర్పరచవలసివచ్చుటకు గల కారణములలో పెద్దమనుషుల నివేదికలు చాలవని కోటకే తెలిసివచ్చుట ఒకటి.

ఈ వరుస ఒకమారు తలక్రిందులయ్యెను. 1835లో థామసు డ్రమండు అను స్కాట్లండువాడు అండర్ సెక్రటరీగా వచ్చెను. వృత్తిచేత సైన్యపు ఇంజనీరు, ఐర్లండు సర్వేలో పనిచేసి పల్లెపల్లెను చూచినవాడు. 1838లో టిప్పెరరీ మండలమున ఒక హత్య జరుగగా, అచ్చటి మేజిస్ట్రేట్లు కూడి కఠినమైన చట్టములు కావలెనని కోటకు మహజరు పంపిరి. ఇన్నాళ్ళు అర్జీలపై అభిప్రాయములు చెప్పినవారే ఇప్పుడు అర్జీదారులు. డ్రమండు వారి మహజరును నిరాకరించెను. అంతటితో ఆగక, నేరముల లెక్కలు చూపి, కాపులను భూమినుండి గెంటివేయుటయే అలజడులకు మూలమని, ఆస్తికి హక్కులున్నట్లే బాధ్యతలును ఉన్నవని బదులు వ్రాసెను. ఆ జాబు నందుకొన్న డొనొమోర్ ప్రభువు దానిని తోడి మేజిస్ట్రేట్లకు చూపుటకు కూడ జంకి కొంతకాలము దాచియుంచెను. తుదకు పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడు అది లోకమునకు వెల్లడియయ్యెను. డ్రమండు పనిభారముచే కృశించి 1840లో నలుబది మూడవ యేట మరణించెను. తన్ను ఐర్లండు మట్టిలోనే పూడ్చవలెనని కోరెను. డబ్లిన్‌లోనే ఆయన సమాధి యున్నది.

ఇక కాగితముల కథ. కోట యావరణలో పదుమూడవ శతాబ్దినాటి గుండ్రని గోపురమొకటి కలదు. పూర్వము అది ఖైదీలనుంచిన చోటు. 1811–13 నడుమ దానిని మరమ్మతు చేయించి దస్త్రములకు నెలవుగా మార్చిరి. కోటలో పాతబడిన కట్టలు ఆ గోపురమునకే చేరినవి. 1867 చట్టముచే ఫోర్ కోర్ట్స్ అను న్యాయస్థానముల ప్రక్కన గొప్ప దస్త్రశాల నిర్మింపబడి, దేశపు అమూల్య పత్రములన్నియు — రాజశాసనములు, మరణశాసనములు, న్యాయస్థానపు రికార్డులు — అచ్చటికి తరలినవి. కోట ఉత్తర ప్రత్యుత్తరములు మాత్రము గోపురములోనే యుండెను.

1922 జూన్ 30వ తేదీన అంతర్యుద్ధపు పోరులో ఆ గొప్ప దస్త్రశాల పేలి మంటలపాలయ్యెను. దగ్ధమైన కాగితపు ముక్కలు నగరముపై ఎగిరిపడెను. 1821 జనాభా లెక్కలలో ఐర్లండు జనసంఖ్య సుమారు 68 లక్షలని తేలినది. ఇంటింటి వివరములతో కూడిన ఆ పుస్తకములు ఇంచుమించు అన్నియు ఆనాడు భస్మమైనవి. నాటి మనుషుల పేర్లు, ఊళ్ళు, బిడ్డల సంఖ్య చెప్పగల ప్రధాన సాధనము ఆ విధముగా నశించెను. గోపురములోని అర్జీలకు ఏ హానియు కలుగలేదు. ఆ కట్టలు ఇప్పుడు డబ్లిన్‌లోని జాతీయ అభిలేఖాలయమున ఉన్నవి. 1818 మొదలు వరుసగా వాని పట్టిక తయారుచేయు పనికి ఆ సంస్థవారు పూనుకొనిరి. జనాభా లెక్కలలో మాయమైన కుటుంబము, శిక్ష తగ్గింపు కోరి తిరస్కరింపబడిన ఒక అర్జీలో పేర్లతో సహా దొరకుటయు కలదు.

1828 నుండి 1852 వరకు గల ఒక కట్టలో ద్వీపాంతరము పోయినవారి కుటుంబముల కాగితములున్నవి. శిక్ష అనుభవించుచు మంచి నడవడితో నున్నవాడు, తన భార్యబిడ్డలను సర్కారు ఖర్చుతో పిలిపించుకొనుటకు న్యూ సౌత్ వేల్సు గవర్నరునకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ అర్జీ సిడ్నీనుండి లండనుకు, లండనునుండి డబ్లిన్ కోటకు, కోటనుండి ఆమె యున్న పల్లెకు పోవలెను. ఆమె సమ్మతి అదే దారిని తిరిగి రావలెను. ఇంతలో సంవత్సరములు గడచును. కొందరు భార్యలు భర్త అర్జీకొరకు వేచియుండక తామే కోటకు వ్రాయించిరి. 1988లో ఆస్ట్రేలియాలో తెల్లవారి వలస ద్విశతాబ్ది ఉత్సవములు జరిగినప్పుడు ఐర్లండు ప్రభుత్వమువారు, ద్వీపాంతర శిక్షలకు సంబంధించిన ఈ దస్త్రముల మైక్రోఫిల్ములను ఆస్ట్రేలియా ప్రజలకు కానుకగా పంపిరి. కాన్‌బెర్రాలోను సిడ్నీలోను గ్రంథాలయములలో కూర్చుండి ఆ ఖైదీల మునిమనుమలు వానిని చదివిరి. పంతులు వ్రాసిన పొడుగు మాటల క్రింద, రెండు గీతలు అడ్డముగా గీసిన ఆ ముత్తవ్వల నిశానీలు వారికి కనబడినవి.